సొహార్ దుర్గ ప్రదర్శనశాల, సొహార్ యూదుల చరిత్ర

సొహార్ దుర్గ ప్రదర్శనశాల అనునది ఒమన్ దేశమున ఉత్తర బాతినా మండలమునకు ముఖ్యపట్టణమైన సొహార్ నగరములో, సముద్రతీరమున నిలిచియున్న తెల్లని కోటలోపల నెలకొల్పబడిన పురావస్తు, చారిత్రక ప్రదర్శనశాల. ఒకప్పుడు పర్షియా సింధుశాఖకును, హిందూదేశమునకును, చైనాకును నడుమ జరిగిన నౌకావాణిజ్యమునకు ఈ నగరము కూడలిగా నుండెను. ఆ వాణిజ్యమున పాల్గొన్న నానాజాతులవారిలో యూదులును ఒకరు. క్రీ.శ. 9, 10 శతాబ్దులనాటి అరబ్బీ గ్రంథములనుండి 19వ శతాబ్ది ఐరోపా యాత్రికుల రచనలవరకు ఒమన్ యూదుల ఉనికికి అక్కడక్కడ సాక్ష్యములు కనిపించుచుండును. ఈ వ్యాసమున ప్రదర్శనశాలయు, యూదసమాజమును కలిపి వివరింపబడినవి. ఏలయన మొదటిదానిని చూడక రెండవదాని చరిత్ర తెలిసికొనుట కష్టము.

యూదవాడ యనగానే గోడలతో, ద్వారములతో వేరుచేయబడిన ఒక పేట పాఠకుల మనస్సున మెదలుట సహజము. మొరాకో నగరములందును, యెమెన్ రాజధానియైన సనాయందును, ఐరోపాలోని వెనిస్, ప్రాగ్ నగరములందును అట్టి పేటలు ఉండెను. ఒమన్‌లో అట్లు కట్టుదిట్టము చేయబడిన పేట ఉన్నట్లు యాత్రికులెవరును వ్రాయలేదు. పైగా అట్టి నిర్బంధము లేదనియే వ్రాసిరి. కనుక సొహార్‌లో యూదుల జాడ వెదకువాడు ఒక వీధిపేరుకొరకు గాక, రేవుకొరకు, అంగడికొరకు, కోటక్రింది మట్టిపొరలకొరకు చూడవలసియుండును.

ఉనికి

మస్కట్ నగరమునకు వాయవ్యదిశను తీరమార్గమున 200 కి.మీ.కు పైగా దూరమున సొహార్ కలదు. తూర్పున ఒమన్ సింధుశాఖ, పడమట హజర్ పర్వతశ్రేణి, నడుమ ఖర్జూరవనములతో నిండిన బాతినా మైదానము. పర్వతములనుండి దిగివచ్చు వాదీ జిజ్జీ అను వాగులోయ ఈ నగరమునకు రెండు సంపదలను సమకూర్చెను: ఒకటి లోయమార్గమున అల్ బురైమీ ఒయాసిస్సువరకు సాగు బిడారుల దారి, రెండవది లోయ పరిసరములందలి రాగిగనులు. సహజమైన లోతురేవు లేకున్నను, నీరు, పంట, లోహము, దారి అను నాలుగును ఒకచోట కూడుటచేతనే ఇక్కడ మహానగరము వెలసినది.

నగరచరిత్ర

క్రీ.పూ. మూడవ సహస్రాబ్దినాటి సుమేరియా శాసనఫలకములు మగన్ అను దేశమునుండి రాగి దిగుమతియైనట్లు తెలుపుచున్నవి, ఆ మగన్ నేటి ఒమన్ ప్రాంతమే యని పండితుల అభిప్రాయము (చూ. మగన్). సొహార్ వెనుకనున్న కొండలలో లసైల్, అర్జా మున్నగుచోట్ల ప్రాచీన రాగికొలుముల లోహకిట్టము గుట్టలుగా పడియున్నది. అందు పెక్కుభాగము ఇస్లాము ఆరంభశతాబ్దులకు, విశేషించి 9, 10 శతాబ్దులకు చెందినది.

ఇస్లామునకు పూర్వము ఈ తీరము సాసానీయ పారసీక సామ్రాజ్యపు ప్రాబల్యమున మజూన్ అను పేర ప్రసిద్ధమై యుండెను. క్రీ.శ. 424 మొదలు 676 వరకు జరిగిన తూర్పు సిరియా క్రైస్తవసభలలో మజూన్ బిషప్పుల పేర్లు కనిపించుటచేత, ఇక్కడ క్రైస్తవసమాజముకూడ ఉండెనని నిశ్చయింపవచ్చును. అగ్నిపూజకులైన పారసీకులు, క్రైస్తవులు, అరబ్బు తెగలవారు ఒకే తీరమున మెలగిన ఈ పూర్వస్థితిని గుర్తుంచుకొన్నచో, తరువాతి కాలమున యూదులు ఇక్కడ స్థిరపడుట వింతగా తోచదు. క్రీ.శ. 630 ప్రాంతమున ప్రవక్త ముహమ్మదు పంపిన సందేశమును అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ తీసికొనిరాగా, అల్ జులందా వంశీయులైన జైఫర్, అబ్ద్ సోదరులు ఇస్లామును స్వీకరించిరి.

నగరమునకు పరమవైభవము 9, 10 శతాబ్దులలో కలిగెను. ముస్లిముల రాజ్యములలో సముద్రతీరమున ఇంతకు మించిన ధనికనగరము లేదని 10వ శతాబ్ది భూగోళశాస్త్రజ్ఞుడు అల్ ఇస్తఖ్రీ ప్రశంసించెను. ఆ శతాబ్దిచివర వ్రాసిన అల్ ముకద్దసీ, కాల్చిన ఇటుకతోను, టేకుకొయ్యతోను కట్టిన ఎత్తైన ఇండ్లను, తియ్యనీటి కాలువను, సముద్రపుటొడ్డున నున్న జుమా మసీదును వర్ణించెను. ఒమన్‌లో టేకు పెరుగదు. అది హిందూదేశపు పడమటి తీరమునుండి ఓడలమీద పోయినది. అనగా సొహార్ ధనికుని ఇంటి దూలమే ఆనాటి వాణిజ్యమునకు సాక్ష్యము.

తరువాత క్షీణదశ వచ్చెను. 10వ శతాబ్ది ఉత్తరార్ధమున బువైహీల దండయాత్రలు నగరమును దెబ్బతీసెను. పిమ్మట కీష్ ద్వీపపు పాలకులు సముద్రమార్గములను వశపరచుకొనుటయు, వాణిజ్యము క్రమముగా ఎఱ్ఱసముద్రము వైపునకు, ఏడెన్ రేవునకు మరలుటయు సంభవించెను. 12వ శతాబ్దిలో అల్ ఇద్రీసీ సొహార్ పూర్వవైభవమును గతించిన విషయముగనే చెప్పియున్నాడు. హుర్ముజ్ ప్రభువుల కాలమున కోట వెలసెను. 1507లో అఫొన్సో ద అల్బుకెర్క్ నౌకాదళము ఎదుట నగరము లొంగిపోయెను. 1616లో పోర్చుగీసువారు దానిని మరల పట్టుకొనిరి. 1643లో యారుబా వంశీయుల సేనలు వారిని వెడలగొట్టెను. 1742, 1743 సంవత్సరములలో నాదిర్ షా పారసీక సైన్యము ముట్టడింపగా, నగరాధిపతియైన అహ్మద్ బిన్ సయీద్ నెలల తరబడి కోటను నిలిపి, ఆ కీర్తిచేత తరువాత ఇమాము పదవి నందెను. నేటికిని ఒమన్‌ను పాలించుచున్న అల్ బూ సయీద్ రాజవంశమునకు అతడే మూలపురుషుడు.

సొహార్ యూదులు

మధ్యయుగమున యూదవణిక్కుల దూరప్రయాణములను గూర్చి మొదట విపులముగా తెలిపినవాడు 9వ శతాబ్దికి చెందిన ఇబ్న్ ఖుర్దాద్బిహ్. అబ్బాసీ ప్రభుత్వమున తపాలా, వార్తాశాఖల అధికారిగా నుండిన ఇతడు రాధానీయులనబడు యూదవర్తకుల మార్గములను వర్ణించెను. వారు పడమట ఫ్రాంకుల దేశమున బయలుదేరి, ఈజిప్టుమీదుగా గాని, సిరియా, ఇరాకులమీదుగా గాని సముద్రము చేరి, ఒమన్, సింధు, హిందూదేశములు దాటి చైనావరకు పోవుచుండిరి. అనేకభాషలు నేర్చినవారగుటయు, ఒక రేవునుండి మరియొక రేవునకు తమ మతస్థుల ఆశ్రయము లభించుటయు వారికి గొప్ప సాధనములయ్యెను.

ఒమన్ యూదులలో పేరు తెలిసిన మొదటివాడు ఇస్‌హాక్ ఇబ్న్ యహూదా. రామ్‌హుర్ముజ్ నివాసియైన నావికుడు బుజుర్గ్ ఇబ్న్ షహర్యార్ 10వ శతాబ్దిలో కూర్చిన ‘హిందూదేశపు అద్భుతములు’ అను అరబ్బీ గ్రంథమున ఇతని వృత్తాంతము కలదు. ఇస్‌హాక్ ఒమన్‌లో దళారుల పనివాడు. తోటి యూదునితో కలహించి, తన సమస్తధనమైన 200 దీనారములతో హిందూదేశమునకు పయనమై, అటనుండి చైనాకు చేరి, బహుకాలమునకు హిజ్రీ 300లో, అనగా క్రీ.శ. 912–913 ప్రాంతమున, సొంత ఓడలో కస్తూరి, పట్టు, పింగాణి మున్నగు అపారమైన సరకులతో తిరిగివచ్చెను. సుంకపు తనిఖీ తప్పించుకొనుటకై ఒమన్ పాలకుడైన అహ్మద్ ఇబ్న్ హిలాల్‌తో పదిలక్షల దిర్హములకు మించిన మొత్తమునకు ఒడంబడిక చేసికొనెను. పాలకునికి అతడిచ్చిన కానుకలలో బంగారుమూత గల నల్లని పింగాణిపాత్ర ఒకటి, దానిలో మాణిక్యపుకన్నులు పొదిగిన బంగారుచేపలు ఉండెనట.

ఆ ఐశ్వర్యవార్త బాగ్దాదు చేరెను. ఖలీఫా అల్ ముక్తదిర్ అతనిని పట్టితెమ్మని తన సేవకుని పంపెను. అప్పుడు జరిగినది ఈ వృత్తాంతమున అన్నిటికంటె గమనింపదగిన ఘట్టము. నగరములోని వర్తకులందరును అంగళ్లు మూసివేసిరి. ధనవంతుడైనంతమాత్రాన వర్తకుని రాజు పట్టించినచో ఇక ఓడలు ఈ రేవునకు రావనియు, స్వదేశీయులు, విదేశీయులు ఎల్లరును ఒమన్‌ను విడిచిపోదురనియు విన్నవించుకొనిరి. రాజసేవకుడు కొంత సొమ్ము తీసికొని వెనుకకు పోయెను. ఇస్‌హాక్ కొంతకాలమునకు మరల ఓడ సమకూర్చుకొని చైనాకు బయలుదేరి, దారిలో సుమాత్రా ద్వీపమున అక్కడి పాలకుడు కోరిన 20,000 దీనారముల సుంకము ఇయ్యక, రాత్రివేళ హతుడయ్యెను. అతని సొత్తు పాలకునిపాలయ్యెను.

ఈ గ్రంథము నావికులు చెప్పుకొన్న కథల సంపుటి గనుక అందలి అంకెలన్నిటిని యథాతథముగా గ్రహింపరాదు. అయినను ఖలీఫా, పాలకుడు ఇద్దరును చరిత్రప్రసిద్ధులు. వాణిజ్యమార్గము ఇతర గ్రంథములందు ధ్రువపడినది. సరకుల జాబితా త్రవ్వకములలో దొరికిన వస్తువులతో సరిపోవుచున్నది. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక యూదునికి జరిగిన అన్యాయమును నగరములోని వర్తకులెల్లరు తమకు జరిగినట్లే భావించిరని చెప్పు సాక్ష్యముగా ఈ కథకు విలువ గలదు. వేరుపేట లేని నగరమున యూదుడు ఎట్లు బ్రతికెనో తెలుపుటకు ఇంతకంటె స్పష్టమైన మధ్యయుగ రచన ఒమన్ విషయమున మరియొకటి లేదు.

11, 12 శతాబ్దులలో యూదుల హిందూమహాసముద్ర వాణిజ్యమునకు ముఖ్యకేంద్రము ఏడెన్. పాతకైరోలోని బెన్ ఎజ్రా యూద ప్రార్థనామందిరపు కొట్టులో దొరికిన ‘గెనీజా’ పత్రములలో ఏడెన్ ప్రతినిధుల లేఖలు, మంగుళూరున నివసించిన అబ్రహాం బెన్ యిజూ వంటి వర్తకుల లెక్కలు పెక్కులు కలవు. ఎస్. డి. గోయిటైన్ జీవితకాలము పరిశోధించిన ఈ పత్రములు మధ్యయుగ వర్తకుని నిత్యజీవితమును చూపునట్టివి (చూ. కైరో గెనీజా). సొహార్ కాలము గతించిన పిమ్మటి చరిత్ర అగుటచేత ఇక్కడ వాటి ప్రస్తావన ఇంతటితో చాలును.

ఆధునికకాలమున ఒమన్ యూదులను గూర్చి వ్రాసినవారిలో ముఖ్యుడు ఈస్టిండియా కంపెనీ నౌకాదళమునకు చెందిన లెఫ్టినెంటు జేమ్స్ రేమండ్ వెల్‌స్టెడ్. 1835లో దేశాంతర్భాగమున తిరిగిన ఇతని యాత్రాగ్రంథము 1838లో వెలువడెను. బాగ్దాదు పాలకుడు దావూద్ పాషా పెట్టిన బాధలకు తాళలేక 1828లో వలసవచ్చిన యూదకుటుంబములను ఇతడు మస్కట్‌లో చూచెను. వారిలో కొందరు వెండినగలు చేయువారు, కొందరు నాణెములు మార్చు షరాబులు, మరికొందరు మద్యము విక్రయించువారు. ఇతరదేశములలోవలె వారు ప్రత్యేకచిహ్నములు ధరింపవలసిన పనిలేదు. ఒక పేటలోనే ఉండవలెనను కట్టుబాటు లేదు. వీధిలో ముస్లిము ఎదురైనచో ప్రక్కకు తొలగవలసిన విధియు లేదు. సొహార్‌లో సుమారు 20 యూదకుటుంబములు ఒక చిన్న ప్రార్థనామందిరముతో, వడ్డీవ్యాపారము జీవనాధారముగా నివసించుచుండుటను కూడ అతడు పేర్కొనెను.

ఒమన్‌లో ప్రబలమైన ఇబాదీ ఇస్లాము సంప్రదాయము అన్యమతస్థుల వాణిజ్యమునకు అడ్డుతగులలేదు. పాలకులకు రేవుసుంకము ముఖ్యాదాయము. కావున వర్తకుని ఆదరించుట ధర్మమును, లాభమును కూడ అయ్యెను. ఈ రెండు కారణములలో ఒకదానినే పట్టుకొని మరియొకదానిని విడుచుట సరికాదు. 19వ శతాబ్ది ముగియునప్పటికి ఒమన్‌లోని పాత యూదసమాజము అంతరించెను. వారు నిర్మూలింపబడినట్లు గాని, వెడలగొట్టబడినట్లు గాని ఆధారములు లేవు. చిన్నసమాజము వలసలవలన కరగిపోయినట్లు తోచును. సొహార్‌లో యూదుల శ్మశానవాటిక యుండుట వారి స్థిరనివాసమునకు భౌతికసాక్ష్యము. బాటసారియైన వర్తకుడు ఇల్లు అద్దెకు తీసికొనును గాని శ్మశానము ఏర్పరచుకొనడు.

దుర్గము, త్రవ్వకములు

ఒమన్‌లోని కోటలు సామాన్యముగా మట్టిరంగున నుండును. సొహార్ కోట తెల్లగా నుండుటచే దూరమునుండియే గుర్తింపవచ్చును. ఆరు బురుజులతో, సముద్రాభిముఖముగా నున్న ఈ కోట నడుమ అంతస్తుల భవనము, దానియందు ప్రదర్శనశాల కలవు. 1866లో ఇదే నగరమున కుమారునిచేత హతుడైన సుల్తాను సయ్యద్ తువైనీ బిన్ సయీద్ సమాధి కోటలోపలనే యున్నది. ముట్టడికాలమున ఆహారము తెచ్చుకొనుటకు కోటనుండి కొండలవైపు రహస్యమైన సొరంగముండెనని స్థానికుల ప్రతీతి. పోర్చుగీసు లేఖకుడు అంతోనియో బొకారో 1635లో సిద్ధపరచిన దుర్గపటముల గ్రంథమున సొహార్ కోట చిత్రము గలదు.

ఈ నగరమున శాస్త్రీయమైన త్రవ్వకములు 20వ శతాబ్ది ఉత్తరార్ధమున ఆరంభమయ్యెను. 1958లో అమెరికన్ పురావస్తువేత్త రే క్లీవ్‌లాండ్ పరీక్షార్థము గుంటలు త్రవ్వించెను. 1970లలో ఆండ్రూ విలియంసన్ ఒమన్ నౌకాయానచరిత్రను, టోనీ విల్కిన్సన్, పాలో కోస్తా మున్నగువారు నగరము వెనుకటి పొలములను, కాలువలను, గనులను పరిశీలించిరి. నేడు ఎడారిగా కనిపించు భూమిపై మైళ్లకొలది పరచుకొనియున్న పాతపెంకులు, ఎండిన కాలువల ఆనవాళ్లు 10వ శతాబ్దిలో ఎంత భూమి సాగగుచుండెనో వెల్లడించెను. 1980లలో మోనిక్ కెర్వ్రాన్ నాయకత్వమున ఫ్రెంచి బృందము కోట ఆవరణలోనే లోతుగా త్రవ్వెను. క్రీస్తుశకారంభ శతాబ్దులనుండి పోర్చుగీసుకాలమువరకు ఒకదానిపై నొకటిగా పేరుకొన్న పొరలు బయల్పడెను. అడుగుపొరలలో హిందూదేశపు కుండపెంకులు లభించుట, ఈ సంబంధము ఇస్లామునకంటె ఎంతో ప్రాచీనమని ఋజువుచేసెను.

మట్టిపొరలను చదువు విధము

ప్రదర్శనశాలలో నగరచరిత్ర, రాగివాణిజ్యము, నౌకాయానము, దుర్గనిర్మాణము అను విషయములు వివరింపబడుచున్నవి. సందర్శకుడు తొందరపడక చూడవలసినవి పగిలిన పెంకులు. అవి కన్నులకు ఇంపుగా నుండవు. కాని పురావస్తువేత్తకు అవియే కాలమానము. కుండ సులభముగా పగులును, పగిలిన పెంకు వేయేండ్లకును నశింపదు. అందుచేత ఏ పొరలో ఏ దేశపు పెంకు ఉన్నదో చూచి ఆ పొర కాలమును, ఆ కాలపు సంబంధములను నిర్ణయింతురు.

సొహార్ వంటి రేవుపట్టణములందు మూడు విధములైన పెంకులు ముఖ్యములు. నీలి, ఆకుపచ్చ మెరుగు గల పెద్ద జాడీలు ఇరాకునందలి బస్రా ప్రాంతమునుండి వచ్చినవి. వీటిలో నూనె, ఖర్జూరపాకము మున్నగునవి ఎగుమతి యగుచుండెను. సన్నని ఎఱ్ఱమట్టితో చేసి నునుపుపెట్టిన పాత్రలు, వంటకుండలు హిందూదేశమువి. మూడవరకము చైనా పింగాణి: తాంగ్ వంశకాలపు చాంగ్షా గిన్నెలు, లేత ఆకుపచ్చని యుయె పాత్రలు, ఉత్తరచైనా తెల్లనిపాత్రలు, తరువాతి కాలపు లుంగ్‌చ్వాన్ పాత్రలు, చివరకు నీలిచిత్రముల పింగాణి. వీటిలో మొదటి మూడును ఇస్‌హాక్ కాలమునకు దగ్గరివి. అతడు తెచ్చిన పాత్ర ఏదియో ఎవరును చూపలేరు. కాని అట్టి పాత్రలు ఆ రేవున దిగెననుటకు నేలయే సాక్ష్యము పలుకుచున్నది.

ఈ పెంకుల సాక్ష్యమును సముద్రగర్భము బలపరచెను. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి సమీపమున దొరికిన 9వ శతాబ్ది ఓడ, మేకులు లేక త్రాటితో కుట్టబడిన అరబ్బు పద్ధతి నౌక. దానియందు సుమారు 60,000 పింగాణివస్తువులు లభించెను; చాంగ్షా గిన్నె యొకదానిపై క్రీ.శ. 826నకు సరియగు చైనా తేదీ యుండెను. కొబ్బరిపీచు త్రాటితో పలకలను కుట్టు ఈ విద్య ఒమన్, మలబారు, లక్షద్వీపముల నావికులకు సమానమైన సొత్తు. 1980లో టిమ్ సెవెరిన్ సూర్ పట్టణమున ఇట్టి ఓడను కట్టించి, దానికి ‘సొహార్’ అని పేరుపెట్టి, 1981లో చైనాలోని కాంటన్ నగరమునకు చేర్చెను. దానికి కొయ్య మలబారునుండియు, కుట్టుపనివారు లక్షద్వీపములనుండియు వచ్చిరి. ఆ ఓడ ఇప్పుడు మస్కట్‌లో అల్ బుస్తాన్ కూడలిలో నిలుపబడియున్నది.

ఓడల ప్రయాణము ఋతుపవనములపై ఆధారపడియుండెను. శీతకాలపు ఈశాన్యపవనముతో ఒమన్ తీరమునుండి బయలుదేరిన ఓడ ఒక మాసమునకు కేరళమందలి కొల్లము చేరునని క్రీ.శ. 851నాటి అరబ్బీ నౌకావర్ణన తెలుపుచున్నది. చైనాకు పోయివచ్చుటకు ఏడాదికి మించి కాలము పట్టును. పరదేశపు రేవులలో గాలి మరలువరకు మాసములకొలది వేచియుండవలసి వచ్చుటచే, ప్రతి రేవునను తనవారి ఇల్లొకటి ఉండుట వర్తకునికి ప్రాణావసరము. యూద, పారసీక, గుజరాతీ వర్తకసమాజములు తీరమంతట చిన్నచిన్న గుంపులుగా వెలయుటకు ఇది ముఖ్యకారణము.

యూదవాడల ప్రదర్శనశాలలు: రకములు

యూదుల నివాసస్థలములకు సంబంధించిన పురావస్తు ప్రదర్శనశాలలు రెండు తెగలు. మొదటితెగవి త్రవ్వినచోటనే భద్రపరచినవి. జెరూసలేము పాతనగరపు యూదవాడలో నహ్మాన్ అవిగద్ 1969 మొదలు 1982 వరకు జరిపిన త్రవ్వకములలో బయల్పడిన హేరోదుకాలపు భవనములను నేటి వీధికి అడుగున వోల్ పురావస్తు ప్రదర్శనశాలగా చూపుచున్నారు. క్రీ.శ. 70లో రోమనుల చేతిలో కాలిపోయిన ‘దగ్ధగృహము’ దానికి సమీపముననే కలదు. రెండవతెగవి నగరచరిత్రను సమగ్రముగా చూపుచు, యూదుల భాగమును అందులో ఇమిడ్చినవి. సొహార్ ఈ తెగకు చెందును. మన దేశమున కొచ్చిలోని మట్టాంచేరి వీటి నడుమ నిలుచును: 1568లో కట్టిన పరదేశి యూదమందిరము, దాని ముందరి యూదవీధి నేటికిని నిలిచియున్నవి.

ప్రాముఖ్యము

సొహార్ చరిత్ర తెలుగుదేశపు చరిత్రకు దూరమైనది కాదు. ఇస్‌హాక్ కథలో వర్తకులు రాజును ఏది కోరిరో, అదియే మూడు శతాబ్దుల పిమ్మట కాకతీయ గణపతిదేవచక్రవర్తి మోటుపల్లి రేవున తానై ప్రసాదించెను. 1244నాటి మోటుపల్లి అభయశాసనమున, పూర్వరాజులు గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకులను బలాత్కారముగా హరించెడివారనియు, తాను నియతమైన సుంకముతప్ప వేరేమియు గైకొననని నానాదేశవర్తకులకు అభయమిచ్చుచున్నాననియు ఆ ప్రభువు ప్రకటించెను (చూ. మోటుపల్లి). ఓడయెక్కి పరదేశము పోవు మనుష్యునికి ఆ దేశపురాజు మాటయే రక్షణ. సొహార్‌లో అంగళ్లు మూసి సాధించిన భద్రతయు, మోటుపల్లిలో రాతిపై చెక్కిన భద్రతయు ఒకే అవసరమునుండి పుట్టినవి. రెండిటిని ప్రక్కప్రక్కన ఉంచి చదువుట ఈ సముద్రపు చరిత్రను తెలిసికొనుటకు మేలైన మార్గము.

ఒమన్‌లోని సంబంధిత స్థలములు

ధోఫార్ మండలమున సలాలా నగరములో అల్ బలీద్ శిథిలములు, వాటిని ఆనుకొని 2007లో తెరచిన సాంబ్రాణిభూమి ప్రదర్శనశాల కలవు. 2000 సంవత్సరమునుండి ఈ ప్రాంతము ప్రపంచవారసత్వ స్థలము. సమీపమున ఖోర్ రోరీయందలి సుమ్‌హురమ్ కోటలో హిందూదేశపు కాంస్యస్త్రీమూర్తియు, తమిళబ్రాహ్మీ అక్షరముల పెంకును దొరికెను. సలాలాకు పైనున్న కొండలలో యోబు ప్రవక్తది యని చెప్పబడు సమాధి కలదు. యోబు యూద, క్రైస్తవ, ఇస్లాము మతములు మూడింటికిని పూజ్యుడు. మస్కట్‌లోని జాతీయప్రదర్శనశాల 2016లో ప్రజలకు తెరువబడెను. 2018లో వారసత్వస్థలముగా గుర్తింపబడిన కల్హాత్, హుర్ముజ్ కాలపు రేవు శిథిలములకు ప్రసిద్ధము.

సందర్శనము

మస్కట్‌నుండి సొహార్‌కు బాతినా రహదారిమీద మూడుగంటలలోపు చేరవచ్చును. నవంబరునుండి మార్చివరకు వాతావరణము అనుకూలము. వేసవిలో ఎండ 40 డిగ్రీలు మించుటయేగాక తీరమగుటచే ఉక్కపోత అధికము. శుక్ర, శని వారములు దేశమున సెలవుదినములు. రంజాను మాసమున పనివేళలు మారును. మరమ్మతులకై కోటను మూసియుంచు కాలములును ఉండును గావున, ముందుగా విచారించి బయలుదేరుట మంచిది. మొదట ప్రదర్శనశాలను చూచి, పిమ్మట బురుజుపైకెక్కి ఒకవైపు సముద్రమును, మరియొకవైపు ఖర్జూరవనములకు ఆవలి కొండలను చూచినచో, చదివిన చరిత్ర భూమిమీద ఎక్కడ నిలిచెనో బోధపడును. శ్మశానస్థలములు యాత్రాస్థలములు కావు. వాటిని చూడదలచినవారు స్థానికుల అనుమతి పొంది, మౌనముగా, రాళ్లను తాకక చూచి రావలెను.

2004లో పనిచేయనారంభించిన సొహార్ కొత్తరేవు, దానిని ఆనుకొన్న ఉక్కు, అల్యూమినియము, చమురుశుద్ధి కర్మాగారములు వేలాది హిందూదేశీయులకు జీవనాధారమైనవి. వారిలో తెలుగువారును కలరు. పరదేశమున వేరుపేట లేక, పదిమందితో కలిసి బ్రతికిన వర్తకుల నగరములోనే నేడు పనిచేయుచున్న మనవారు, ఒక సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని ఆ తెల్లకోటకు పోయి, హిందూదేశపు కుండపెంకులున్న గాజుపెట్టె ముందర కొంతసేపు నిలువవలెనని ఈ వ్యాసకర్త కోరుచున్నాడు.